ఆ రాత్రి ఎవరింటి అన్నం తింటారో చూసుకోండి

ప్రశ్న: నమస్తే సార్. నేను ఆదోని దగ్గర ఒక మండలంలో ఎస్జీటీని. డీఎస్సీలో కొత్తగా వచ్చిన ఉద్యోగం. సర్పంచ్ ఎన్నికల కోసమని స్టాఫ్ వివరాలన్నీ తీసుకున్నారు. ఈసారి నాకు డ్యూటీ ఖాయమని స్కూల్లో అందరూ అంటున్నారు. నాకిది మొదటిసారి. ఫ్యాక్షన్ ఊరు పడితే ఎట్లా అని నాకంటే మా నాన్నకే ఎక్కువ టెన్షన్. ఎవరితోనైనా చెప్పించి పేరు తీయించేద్దాం అంటున్నారు. మా సీనియర్ ఒకాయన మాత్రం "ఏం కాదు పాపా, ఏజెంట్లు ఎట్లా చెప్తే అట్లా పోనిచ్చెయ్, సాయంత్రం పెట్టె అప్పజెప్పి వచ్చెయ్, ఊరి గొడవ మనకెందుకు" అన్నారు. అది సరైన పద్ధతేనా? ముందు రోజు రాత్రి ఆ ఊళ్లోనే ఉండాలంట, ఆడవాళ్లం ఎట్లా ఉండేది? నా ఓటు సంగతేమిటి?
- ఒక టీచర్, కర్నూలు జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ సీనియర్ గారి సలహా సంగతి తేల్చేద్దాం. పెట్టె అప్పజెప్పి వచ్చేయడం అనేది సర్పంచ్ ఎన్నికల్లో కుదరదు. ఆయన ఎమ్మెల్యే ఎన్నికలో, ఎంపీటీసీ ఎన్నికలో మనసులో పెట్టుకుని చెప్పి ఉంటారు. 2021 ఏప్రిల్ 8న ఎంపీటీసీ, జడ్పీటీసీ పోలింగ్ జరిగితే, కోర్టు కేసుల వల్ల లెక్కింపు సెప్టెంబరు 19న గానీ జరగలేదు. ఓట్లు వేయించినవాళ్లు అప్పటికి ఆ ఊరి పేరు కూడా మరిచిపోయి ఉంటారు. అదే ఏడాది ఫిబ్రవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికలు అట్లా కాదు. పొద్దున ఆరున్నరకు పోలింగ్ మొదలైంది, మధ్యాహ్నం మూడున్నరకు ముగిసింది, నాలుగు గంటలకు అదే ఊళ్లో లెక్కింపు. అంటే మీరు పొద్దున తొమ్మిదింటికి "పోనీలే" అని వదిలేసిన ఓటు సాయంత్రం అయిదింటికి అదే ఏజెంట్ల కళ్లెదుట బల్ల మీదికొస్తుంది. ఓడిపోయినాయన మనుషులు అక్కడే ఉంటారు. మీరూ అక్కడే ఉంటారు. పదిమంది ఓటర్ల తేడాతో గెలిచే వార్డులుంటాయి, ఒక్క ఓటుతో గెలిచిన సర్పంచులున్నారు, సమానంగా వస్తే చీటీ తీస్తారు. అట్లాంటి చోట ఏజెంట్లు చెప్పినట్టు పోనిచ్చిన ఓట్లు నాలుగుంటే చాలు, రాత్రికి గొడవ మీ బల్ల దగ్గరే మొదలవుతుంది. ఊరి గొడవ మనకెందుకు అనుకునేవాళ్లు ముందుగా చేయాల్సింది రూల్ ప్రకారం పోవడమే.

పేరు తీయించుకునే సంగతి. గర్భిణులు, చిన్న బిడ్డల తల్లులు, ఆపరేషన్ అయినవాళ్లు, నిజంగా జబ్బుతో ఉన్నవాళ్లు కాగితాలు పెట్టి అడిగితే అధికారులు చూస్తారు. అట్లాంటిదేమీ లేనప్పుడు సిఫార్సుతో తప్పించుకుంటే మీ చోట ఇంకో టీచరమ్మ పోతుంది, అంతే తేడా. ఆర్డర్ తీసుకుని డుమ్మా కొడితే సస్పెన్షన్ దాకా పోతుంది. ప్రొబేషన్‌లో ఉన్నారు, ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

ఇక మీ నాన్నగారి భయం. మన కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఎన్నికలంటే పెద్దవాళ్లకు పాత రోజులు గుర్తొస్తాయి, అందులో తప్పు లేదు. కానీ సమస్యాత్మక, అత్యంత సమస్యాత్మక గ్రామాలని ముందే జాబితా కట్టి, అక్కడికి పోలీసులను ఎక్కువగా పంపుతారు, వీడియో తీయిస్తారు, పోలింగ్‌ను కనిపెట్టి చూసే మైక్రో అబ్జర్వర్లను పెడతారు. నేను పీవోగా (ప్రిసైడింగ్ ఆఫీసర్, అంటే పోలింగ్ కేంద్రానికి పెద్ద) పోయిన ఊళ్లలో పేరుమోసిన ఊళ్లే నిమ్మళంగా జరిగాయి. చిక్కులన్నీ "ఇది ప్రశాంతమైన ఊరు సార్, ఏమీ కాదు" అని చెప్పిన చోటే వచ్చాయి. అక్కడ పోలీసు ఒక్కడుంటాడు, ఆయన కూడా వేపచెట్టు కింద కునుకు తీస్తుంటాడు. పైగా ఊళ్లో అందరూ అందరికీ బంధువులే. ఒకరిని ఆపితే "మా పిల్లోడే సార్, పోనీండి" అని రెండు పక్షాల ఏజెంట్లూ కలిసి చెబుతారు. ఇద్దరూ ఒప్పుకున్నారు కదా అని సంబరపడొద్దు. లెక్కింపులో తేడా వస్తే ఆ ఒప్పందం ఇద్దరికీ గుర్తుండదు.

మీ పరీక్ష పోలింగ్ రోజు పొద్దున మొదలవుతుందని అనుకుంటున్నారేమో. ముందు రోజు సాయంత్రం బస్సు దిగినప్పుడే మొదలవుతుంది. ఇది మీకు ట్రైనింగ్‌లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తారు కాబట్టి నేను వివరంగా చెబుతాను. మీరు మెటీరియల్ దింపుకుంటుండగానే ఒకాయన తెల్లచొక్కాతో వస్తాడు. చాలా మర్యాదగా "మేడం, బడిలో దోమలు జాస్తి, మా ఇంట్లో ఆడోళ్లుండారు, ఫ్యానుంది, బాత్రూముంది, రాత్రికి అక్కడ పడుకోండి, పొద్దున్నే బండి మీద దింపుతాం" అంటాడు. అందులో నిజంగానే మర్యాద ఉంటుంది, అబద్ధం కాదు. కానీ ఆయన ఒక అభ్యర్థికి బావమరిదో, మేనల్లుడో అయి ఉంటాడు. మీరు ఆ ఇంట్లో పడుకుంటే తెల్లారేసరికి టీ అంగడి దగ్గర ఇంకో పక్షం వాళ్లకు విషయం తెలిసిపోతుంది. "రాత్రి వాళ్లింట్లో కోడికూర తిన్న మేడం" అనే పేరు పడ్డాక మీరు ఎంత సరిగ్గా చేసినా ప్రతి ఓటుకూ అనుమానమే. పార్టీ గుర్తులు లేని ఎన్నిక కదా అని ఎవరైనా అంటే నవ్వేసి ఊరుకోండి. ఏ అభ్యర్థి వెనక ఎవరున్నారో ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మరి అన్నం ఎట్లా? పంచాయతీ కార్యదర్శి ద్వారా, బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కల చేత వండిస్తారు. చాలా ఊళ్లలో ఇదే జరుగుతుంది. చిత్రాన్నమో, పప్పు అన్నమో ఏది పెడితే అది తినండి. కుదిరితే మీ భాగం డబ్బులు వాళ్ల చేతికే ఇవ్వండి. ఏదీ కుదరకపోతే పనికొస్తాయి, ఇంటి నుంచి నాలుగు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి కట్టుకుని పోండి. టీ కూడా ఎవరో పంపారని తాగొద్దు, ఎవరు పంపారో అడిగి తాగండి. ఇది చాదస్తంగా కనిపిస్తే కనిపించనీండి.

పడుకోవడానికి బడి గదే మంచిది. ఆర్డర్ రాగానే అది ఏ ఊరో, మీ టీమ్‌లో ఇంకో మహిళ ఉన్నారో లేదో చూసుకోండి. మీరొక్కరే ఉంటే, పోలింగ్ సామాను ఇచ్చే డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లోనే ఎంపీడీవోకు గానీ, జోనల్ ఆఫీసర్‌కు గానీ ఆ సంగతి చెప్పండి. అప్పటికప్పుడు మార్చడం లేదా తోడు ఏర్పాటు చేయడం వాళ్ల చేతిలో పని. గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటుంది, అంగన్‌వాడీ టీచర్ ఉంటుంది. ఊళ్లో దిగగానే ఆ ఇద్దరి నంబర్లు తీసుకోండి. బాత్రూము తాళం ఎవరి దగ్గరుందో వెలుగుండగానే కనుక్కోండి, నీళ్లు వస్తున్నాయో లేదో తిప్పి చూడండి. రాత్రి తొమ్మిదింటికి తాళం కోసం ఊరంతా తిరగడం ఎవరికీ ఇష్టముండదు. టార్చిలైటు, దుప్పటి, దోమల బిళ్ల, పవర్ బ్యాంకు, మీకు అవసరమయ్యే మందులు, ప్యాడ్లు బ్యాగులో పెట్టుకోండి. నెలసరి రోజు కాదు కదా అని వదిలేయకండి.

డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌లో అందరూ బస్సు కోసం పరుగు పెడుతుంటారు. మీరు మాత్రం చెట్టు కింద కూర్చుని సామాను లెక్కపెట్టుకోండి. మీ వార్డు ఓటర్ల జాబితాయేనా, పక్క వార్డుదా? సర్పంచ్ బ్యాలెట్లు ఎన్ని, వార్డు సభ్యుడి బ్యాలెట్లు ఎన్ని, సీరియల్ నంబర్లు కాగితం మీద రాసినట్టే ఉన్నాయా, మధ్యలో ఏదైనా ఎగిరిపోయిందా? అభ్యర్థుల పేర్లు, గుర్తులు మీ ఊరివేనా? ఒక వార్డు బ్యాలెట్లు ఇంకో వార్డుకు పోయాయంటే పోలింగ్ ఆగుతుంది, ఆ ఊరు మిమ్మల్ని ఏళ్ల తరబడి గుర్తు పెట్టుకుంటుంది. ఇనప పెట్టె మూత తీసి, వేసి చూడండి. కొన్ని పెట్టెలు తుప్పు పట్టి తెరుచుకోవు, తెరిస్తే మూత పడదు. లక్క, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, దారం, సిరా సీసా, స్టాంపు ప్యాడు. సిరా సీసా మూత బిగించి ఉందో లేదో చూడండి. అది బ్యాగులో ఒలికిందంటే మీ చీర సంగతి సరే, ఓటర్ల జాబితా పోతుంది.

పంచాయతీ ఎన్నికల్లో ఒక్కో వార్డుకు ఒక్కో పోలింగ్ కేంద్రం. చిన్న వార్డయితే పీవోతో పాటు ఓపీవో (పీవోకు సాయంగా ఉండే పోలింగ్ అధికారి, మీలాంటివాళ్లు) ఒక్కరే కావచ్చు. అప్పుడు జాబితాలో పేరు వెతకడం, సిరా పెట్టడం, బ్యాలెట్ చింపి ఇవ్వడం అన్నీ మీ చేతి మీదే జరుగుతాయి. పేరు పైకి చదవండి, ఏజెంట్లు వినాలి. జాబితాలో పేరు కింద గీత గీయండి, ఆడవాళ్లయితే టిక్కు కూడా పెట్టండి. ఎంతమంది ఆడవాళ్లు వేశారని గంటగంటకూ అడుగుతారు, అప్పుడు ఈ టిక్కులే ఆదుకుంటాయి. బ్యాలెట్ వెనక పీవో సంతకం పడిందా అని ఇచ్చే ముందు ఒకసారి తిప్పి చూడండి. సంతకాలన్నీ తెల్లవారుజామునే గుట్టగా చేసి పెట్టేవాళ్లుంటారు, అది మంచిది కాదు. క్యూ ఎంతుందో చూసుకుని కొన్ని కొన్ని చేసుకోవాలి. బ్యాలెట్‌ను ఎట్లా మడవాలో ఒకసారి మడిచి చూపించి, విప్పి ఇవ్వండి. అడ్డదిడ్డంగా మడిస్తే తడి ముద్ర ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది, సాయంత్రం దాని మీద పంచాయితీ. (అట్లా అంటుకున్న ముద్ర తిరగబడి ఉంటుంది. లెక్కింపులో దాన్ని చూసే అసలు ముద్ర ఏదో తేలుస్తారు.)

మీ వైపు ఊళ్లలో అసలు చిక్కు వలస ఓట్లతో వస్తుంది. కోసిగి, పెద్దకడుబూరు, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి మిరపకాయల కోతకు గుంటూరుకు, కూలిపనికి బెంగుళూరుకు పోయినవాళ్లను అభ్యర్థులే బండ్లు మాట్లాడి పిలిపిస్తారు. ఫిబ్రవరి అయితే మిరప కోతల కాలం కూడా. రాత్రంతా ప్రయాణం చేసి పదింటికో పదకొండింటికో ఒక్కసారే దిగుతారు. అంతసేపూ ఖాళీగా ఉన్న బడి ఉన్నట్టుండి కిక్కిరిసిపోతుంది. ఆ హడావిడిలో ఊరికి రానివాడి ఓటు ఇంకొకడు వేయడానికి చూస్తాడు. అప్పుడే మీరు నింపాదిగా ఉండాలి. ఆధార్, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పట్టాదారు పాస్ పుస్తకం... ఏయే కార్డులు చెల్లుతాయో ఇచ్చిన జాబితా బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టండి. ఏజెంటు "వీడు వాడు కాదు" అంటే నోటిమాటగా ఒప్పుకోవద్దు, కాదనొద్దు. చాలెంజ్ చేయమనండి. కొద్దిపాటి ఫీజు కట్టాలి, రసీదు ఇవ్వాలి, పీవో విచారించి తేల్చాలి. ఫీజు కట్టమనగానే సగం అభ్యంతరాలు అక్కడికక్కడే మాయమవుతాయి.

ఇంకో రకం ఉంది. మనిషి వచ్చి వేలు చూపిస్తాడు, సిరా ఉండదు, కార్డు సరిగ్గా ఉంటుంది, కానీ జాబితాలో ఆయన పేరు కింద అప్పటికే గీత ఉంటుంది. గుంటూరు నుంచి రాత్రంతా నిలబడి వచ్చినవాడు అరుస్తాడు, అరవడం న్యాయమే. ఆయన్ని పంపేయకూడదు. అడగాల్సినవి అడిగి, ఆయనే అసలు మనిషని తేలితే టెండర్ ఓటు ఇవ్వాలి. ఆ బ్యాలెట్ పెట్టెలో వేయకూడదు, విడిగా కవరులో పెట్టి ఫారంలో రాసుకోవాలి. హడావిడిలో దాన్ని పెట్టెలో వేయనిచ్చారంటే సాయంత్రం లెక్క కలవదు, ఎందుకు కలవలేదో చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

తోడు ఓట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మోసం మర్యాదగా జరిగేది ఇక్కడే. కళ్లు కనపడనివాళ్లు, చేయి ఆడనివాళ్లు పద్దెనిమిదేళ్లు దాటిన ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు. ఆ తోడు డిక్లరేషన్ ఇవ్వాలి, ఒక మనిషి ఆ రోజు ఒక్కరికే తోడు పోవాలి. చదువు రాకపోవడం దీనికి కారణం కాదు. చదువు రానివాళ్ల కోసమే గుర్తులు పెట్టింది. ఆలూరు వైపు ఒక ఊళ్లో నేను పీవోగా ఉన్నప్పుడు ఒకాయన తల్లిని చేయి పట్టుకుని తెచ్చాడు. "మాయమ్మకు కండ్లు కనపడవు సార్, నేనే ఏపిస్తా" అన్నాడు. అవ్వ ఏమీ మాట్లాడలేదు. "అవ్వా, ఆ గోడ మీద ఏముందో చెప్పు" అన్నాను. అక్కడ అక్షరాల చార్టు ఉంది. అవ్వ తల ఎత్తి చూసి "ఆ కాయితం ఎనక బల్లి దూరింది నాయనా, తోక మాత్రం అగుపిస్తాండాది" అంది. రెండు పక్షాల ఏజెంట్లూ పగలబడి నవ్వారు. కొడుకు కూడా నవ్వి పక్కకు జరిగాడు. అవ్వ ఒక్కతే పోయి, తీరిగ్గా ముద్ర వేసుకుని వచ్చింది. అందరికీ గోడ మీద బల్లి దొరకదు గానీ, ఓటరునే నేరుగా అడగడం మాత్రం ప్రతిసారీ చేయొచ్చు. తోడొచ్చినవాడితో మాట్లాడొద్దు. అవ్వతో, తాతతో మాట్లాడండి. సరిహద్దు ఊళ్లలో కన్నడమే వచ్చినవాళ్లుంటారు, అప్పుడు ఏజెంటును కాకుండా మీ టీమ్‌లో వచ్చినవాళ్లను అడిగించండి. మీరుగానీ, పీవోగానీ ఎవరి తరఫునా ముద్ర వేయకూడదు, వాళ్లు బతిమాలినా సరే.

ఓటు వేసే అట్టపెట్టె వెనక కిటికీ ఉంటే పొద్దున్నే మూయించండి. మూత పడని కిటికీలు బడుల్లో చాలా ఉంటాయి, కాగితాలు అంటించండి. గంటకోసారి బయటికెళ్లి ఆ వైపు ఎవరైనా నిలబడ్డారేమో చూడమని పోలీసుకు చెప్పండి.

ముగిసే సమయానికి క్యూ ఉంటే పీవో చిట్టీలు ఇస్తారు. చిట్టీలు వెనక నుంచి ముందుకు ఇవ్వాలి, ఆఖర్న ఉన్నవాడితో మొదలుపెట్టి. ముందు నుంచి ఇస్తూ పోతే వెనక మనుషులు చేరుతూనే ఉంటారు. తర్వాత లెక్క: వచ్చిన బ్యాలెట్లు ఎన్ని, ఓటర్లకు ఇచ్చినవి ఎన్ని, పాడైనవి, టెండర్‌వి, మిగిలినవి ఎన్ని. సర్పంచ్‌కు వేరుగా, వార్డుకు వేరుగా. ఇది పూర్తయ్యేదాకా ఎవరు తొందరపెట్టినా కదలొద్దు. కొందరు ఒక బ్యాలెట్ పెట్టెలో వేసి ఇంకొకటి జేబులో పెట్టుకుని పోతారు, అందుకే రెండూ పడ్డాయో లేదో వేసేటప్పుడే ఒక కన్నేసి ఉంచాలి.

లెక్కింపులో మీకు బల్ల పని పడొచ్చు. ముందు రెండు రకాల బ్యాలెట్లు వేరు చేస్తారు, తర్వాత ఇరవై అయిదేసి కట్టలు కడతారు. అనుమానం ఉన్న ఓటును మీరు తేల్చొద్దు, పక్కన పెట్టి రిటర్నింగ్ అధికారికి ఇవ్వండి. రెండు గుర్తుల మీద ముద్రలున్నవి, ఎక్కడా ముద్ర లేనివి, వేలిముద్ర వేసినవి, పేరు రాసినవి... నిర్ణయం ఆయనది. ఫలితం చెప్పాక ఉపసర్పంచ్ ఎన్నిక అదే రోజు పెడతారు. వార్డు సభ్యుల సంఖ్య అటూ ఇటూ సమానంగా ఉంటే అది సర్పంచ్ ఎన్నిక కంటే ఎక్కువసేపు పట్టొచ్చు. కాబట్టి ఇంటికి ఏడింటికి వస్తానని చెప్పొద్దు, అర్ధరాత్రి దాటొచ్చని చెప్పండి. రిసెప్షన్ సెంటర్‌లో సామాను అప్పజెప్పిన రసీదు ఫోటో తీసుకున్నాకే బస్సెక్కండి.

మీ ఓటు గురించి అడిగారు. మీ ఓటు సొంత ఊళ్లో ఉంటే పోస్టల్ బ్యాలెట్ కోసం ట్రైనింగ్ మొదటి రోజే ఫారం అడగండి. డ్యూటీ ఆర్డర్ కాపీ, ఓటర్ జాబితాలో మీ వార్డు నంబరు, సీరియల్ నంబరు దగ్గర పెట్టుకోండి. ఆ ఊరికీ మీ డ్యూటీ ఊరికీ పోలింగ్ వేర్వేరు విడతల్లో పడితే ఇవేవీ అక్కర్లేదు, మీ ఊరి విడత రోజున మామూలుగా పోయి వేసి రావచ్చు.